కుడివైపు సీటు

పొగమంచు విడిస్తేనే ఇంజన్ తిరుగుతుంది. ఇంజన్ తిరిగితేనే జీతం. ఈ రెండు ముక్కలు తెలిస్తే చాలు, ఆ విమానాల బడిలో కొత్త మాస్టార్ల బతుకు మొత్తం తెలిసినట్టే.

ఆ పొద్దున కూడా మాస్టార్లంతా తమ గదిలో కిటికీ అద్దానికి ముక్కులు ఆనించి నిలబడ్డారు. అవతల రన్‌వే లేదు, ఆగి ఉన్న విమానాలు లేవు, ఆకాశం అసలే లేదు. ఎవరో తెల్ల దుప్పటి తెచ్చి కిటికీకి కట్టినట్టుంది. నేల మీద ఎంతసేపు పాఠం చెప్పినా, ఎన్ని బొమ్మలు గీసి చూపించినా, రెక్కల కింద దూరి ఎంత నూనె చేతికి పూసుకున్నా అది పని కిందికి రాదు. విమానం ముందున్న పంకా తిరగాలి. అది తిరిగినంతసేపే వాళ్ళు ఉద్యోగస్తులు. ఆగిందా, దారిన పోయే దానయ్యలు.

"ఈ మంచుకి కూడా జీతం ఇస్తే నేను ఈపాటికి మేడ కట్టేవాణ్ణి" అన్నాడు పొడుగోడు.

"నీకు మేడెందుకురా, నీ ఎత్తుకి తలుపులు చేయించేసరికే డబ్బులన్నీ అయిపోతాయి" అన్నాడు బాబాయ్.

అందరూ నవ్వారు. ఆ గదిలో ఉచితంగా దొరికేది అదొక్కటే.

వాళ్ళను మాస్టార్లనడం మర్యాద కోసం. నిన్నమొన్నటి దాకా వాళ్ళూ ఆ బడిలో పిల్లలే. గేటు దగ్గర మనిషి కన్నా పొడవైన అక్షరాలతో బోర్డు ఉంది. ఏడాది తిరక్కుండా పైలట్‌ని చేస్తామనీ, చదువు అవగానే ఇక్కడే ఉద్యోగం ఖాయమనీ. చదువు అయినవాడు కొత్తగా వచ్చినవాడికి నేర్పాలి. నేర్పుతూ గాల్లో తిరిగిన గంటలు కూడబెట్టుకోవాలి. పెద్ద విమాన కంపెనీలు అడిగినన్ని గంటలు ఉంటేనే వాళ్ళ గడప తొక్కనిస్తారు. ఒకప్పుడు కంపెనీలు ఎగబడి తీసుకుపోయేవి. ఇప్పుడు ఎవర్నీ తీసుకోవడం లేదు. ముందున్న తూము మూసుకుపోయింది. వెనకనుంచి బడివాళ్ళు మాత్రం బిందెలతో నీళ్ళు పోస్తూనే ఉన్నారు. నిండిన తొట్టిలో ఇంకో బిందె పోస్తే ఏమవుతుంది? అంచున ఉన్న నీళ్ళు బయటికి పోతాయి. ఆ అంచున ఉన్నది బాబాయ్.

అందరిలోకీ వయసు మళ్ళినవాడు కాబట్టి బాబాయ్. ఒకప్పుడు లారీ నడిపేవాడు. చిన్నప్పుడే బడి మానేసి, ఎప్పుడో ముప్ఫై దాటాక లారీ క్యాబిన్‌లో పుస్తకం తెరిచి ప్రైవేటుగా చదువు గట్టెక్కాడు. లారీ అమ్మేసి విమానం నేర్చుకున్నాడు. కంపెనీలు అడిగే గంటల్లో అతనికి ఇంకా మూడో వంతు తక్కువ. ఆ మూడో వంతు కోసం అతని చేతిలో ఇద్దరు శిష్యులున్నారు. బ్యాంకు మానేసి వచ్చిన గుమాస్తా ఒకడు, పెళ్ళయిన ఒకావిడ. ఆ ఇద్దరూ ఉన్నంతకాలమే బాబాయ్ గాల్లో ఉంటాడు.

మంచు ఇంకా విడవక ముందే పెద్దసారు దగ్గర్నుంచి కబురొచ్చింది. మాస్టార్లందరి మీదా మాస్టరు ఆయన. వయసులో బాబాయ్ కన్నా చిన్న. అయినా పెద్దసారే. కుర్చీ పెద్దది మరి.

"రావయ్యా బాబాయ్, కూర్చో. మన పిచ్చుకకి మాస్టరు కోర్సు నువ్వే పూర్తి చేయించాలి. ఈ నెలాఖరుకి పరీక్షకి పంపించెయ్."

పిచ్చుక అంటే బాబాయ్ మొదటి శిష్యురాలు. సన్నగా ఉంటుంది, ఒకచోట కుదురుగా నిలబడదు. వాళ్ళమ్మ బ్యూటీ పార్లర్ తాకట్టు పెట్టి చదివిస్తోంది. ఆ పిల్ల మొదటిసారి విమానం ఎక్కినప్పుడు పక్కన ఉన్నది బాబాయే. ఒంటరిగా గాల్లోకి పంపినప్పుడు రన్‌వే పక్కన గోళ్ళు కొరుక్కుంటూ నిలబడిందీ బాబాయే.

"తప్పకుండా సార్. చురుకైన పిల్ల."

"పాసవగానే నీ దగ్గరున్న ఇద్దర్నీ ఆ అమ్మాయికి ఇస్తాం."

బాబాయ్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "మరి నాకు?"

"పిలిచినప్పుడు వద్దువుగాని."

"ఎప్పుడు పిలుస్తారు సార్?"

"అవసరమైనప్పుడు."

ఆ పిలుపు సంగతి ఎవరికి తెలియదు? బాబాయ్ కన్నా ముందు అలా పంపేసినవాళ్ళలో ఒకడు మందుల దుకాణంలో కూర్చున్నాడు, ఒకడు మామగారి టైర్ల గోడౌనులో. ఇద్దరి ఫోన్లూ పని చేస్తూనే ఉన్నాయి. మోగడమే లేదు.

"బోర్డు మీద ఉద్యోగం ఖాయం అని రాశారు కదా సార్."

"రాశాం. ఇచ్చాం. ఇచ్చామా లేదా?"

"ఇచ్చారు."

"ఎన్నాళ్ళని రాశామా?" పెద్దసారు చేతులు చాపాడు, అందులో దాచుకున్నదేమీ లేదన్నట్టు. "ఇప్పుడు ఆ పిల్లకీ అదే మాట ఇచ్చాం. మాట తప్పమంటావా? చెప్పు, నువ్వే చెప్పు."

నీకిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి నిన్ను చేర్చుకున్నారు, ఇంకొకరికిచ్చిన మాట నిలబెట్టుకోవడానికి నిన్ను తీసేస్తున్నారు. ఎక్కడా మాట తప్పలేదు. అంత నికార్సైన పెద్దమనుషులు! ఒంటి కాలి మీద లేచి వాదిద్దామంటే పట్టుకోవడానికి ఎక్కడా అంచు లేదు, నూనె రాసిన గుమ్మడికాయ లాగా.

బాబాయ్ లేచి తలుపు దాకా వెళ్ళాక పెద్దసారు గొంతు తగ్గించాడు. "అయినా, ఆ పిల్ల తయారైందని నువ్వు సంతకం పెడితేనే కదయ్యా పరీక్ష! తయారవలేదనుకో, ఇంకో నెల నేర్పు. ఇంకో రెండు నెలలు నేర్పు. గంటలకి ఆ పిల్లే కట్టుకుంటుంది. నీకూ ఇంజన్ తిరుగుతుంది, బడికీ తిరుగుతుంది. ఎవరొద్దన్నారు?"

కూర్చున్న కొమ్మ నరుక్కోమని గొడ్డలి చేతికివ్వడం ఒక ఎత్తు. కావాలంటే మొండి గొడ్డలి కూడా ఉందని చూపించడం ఇంకో ఎత్తు.

*

బాబాయ్ ఇల్లు బ్యాటరీల దుకాణం మీద రెండు గదులు. సాయంత్రం వెళ్ళేసరికి బావమరిది వచ్చి కూర్చున్నాడు. బాబాయ్ లారీ కొన్నది అతనే. దాని తాళంచెవి ఎప్పుడూ వేలికి తిప్పుతూ మాట్లాడతాడు.

విన్నదంతా విని, "చెప్తే విన్నావా బావా?" అన్నాడు. "లారీకి లోడు లేకపోయినా లారీ మనదే. అందులో పడుకోవచ్చు. నీ విమానంలో పడుకోనిస్తారా?"

"నువ్వు ఊరుకోరా" అంది బాబాయ్ భార్య. ఆవిడ ఆస్పత్రి లాండ్రీలో పని చేస్తుంది. వేడి ఆవిరికి చేతులు ఎప్పుడూ ఎర్రగా ఉంటాయి. తమ్ముణ్ణి ఊరుకోమంది గాని తను ఊరుకోలేదు. "ఏవండీ, ఆ పెద్దమనిషి అన్నదాంట్లో తప్పేముంది? ఆ పిల్లని ఇంకో నెల ఆపితే ఏం పోయింది? చిన్నపిల్ల. ముందు బోలెడు బతుకుంది. మనకేముంది ముందు?"

"ఆ పిల్లకి వచ్చేసిందే. వచ్చినదాన్ని రాలేదని ఎలా చెప్పను?"

"అన్నీ వచ్చేస్తాయా అండీ ఎవరికైనా? వెతికితే ఏదో ఒకటి దొరక్కపోదు."

"ఇంకో నెలంటే వాళ్ళమ్మ ఇంకో అప్పు చెయ్యాలి."

"ఓహో! వాళ్ళమ్మ గుర్తొచ్చిందా? నేను గుర్తురాలేదా?" ఆవిడ గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "నేను దుప్పట్లు పిండుతుంటే పక్కావిడ అడుగుతుంది, మీ ఆయన విమానం నడుపుతాడట కదా, నువ్వెందుకే ఇక్కడ అని. నవ్వేసి ఊరుకుంటా. ఎన్నాళ్ళు నవ్వను?"

బాబాయ్‌కి భార్య మీద కోపం రాలేదు. ఆవిడ అడిగిన ప్రతి మాటా న్యాయమే. ఆ న్యాయాన్ని తీసుకొచ్చి ఒక చిన్నపిల్ల మెడ మీద పెట్టాల్సి రావడమే అతన్ని మండించింది. పైన కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు బాగానే ఉన్నారు, కింద ఉన్నవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు పీక్కుతినాలి. ఇదెక్కడి ఏర్పాటు?

"ఒక పని చెయ్యి బావా" అన్నాడు బావమరిది లేస్తూ. "రేపట్నుంచి క్లీనర్‌గా వచ్చెయ్. నా దగ్గర ఉద్యోగం నిజంగానే ఖాయం."

అది ఎగతాళో, జాలో తేల్చుకోలేక బాబాయ్ మొహం కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

*

మర్నాడు ఆకాశం కడిగి ఆరబెట్టినట్టుంది. బాబాయ్, పిచ్చుక విమానం ఎక్కారు.

ఆ చిన్న విమానంలో ఎడమ సీటు నేర్చుకునేవాళ్ళది, కుడి సీటు మాస్టరుది. మాస్టరు కావాలనుకునేవాళ్ళు కుడివైపు కూర్చుని అన్నీ మళ్ళీ మొదట్నుంచి నేర్చుకోవాలి. చేతులు మారతాయి, చూపు మారుతుంది. ఇన్నాళ్ళూ కుడి చేత్తో రాసి ఇప్పుడు ఎడమ చేత్తో రాయమన్నట్టుంటుంది. నేర్పేవాడేమో ఎడమవైపు కూర్చుని ఏమీ రాని శిష్యుడి వేషం వెయ్యాలి. కావాలని తప్పులు చెయ్యాలి. కుడివైపు ఉన్నవాళ్ళు ఆ తప్పు పట్టుకుని, సరిదిద్ది, విమానం దించాలి.

ఆ వేషాల్లో బాబాయ్‌ని మించినవాడు లేడు. భయస్తుడి వేషం కడితే నిజంగానే నుదుట చెమట పట్టేది. అన్నీ తెలిసినవాడి వేషం కడితే పిచ్చుకకు కొట్టాలనిపించేది.

"మేడమ్, ఈ మీట తిప్పితే ఏమవుతుంది?"

"తిప్పొద్దు. ముందు బయటికి చూడు. రెక్క వంగిపోతోంది."

"వంగితే వంగనివ్వండి మేడమ్, గాలొస్తుంది."

పిచ్చుకకు నవ్వాగలేదు. నవ్వుతూనే రెక్క సరిచేసింది. దారి తప్పించాడు, కనిపెట్టింది. ఎత్తు తప్పించాడు, కనిపెట్టింది. భార్య చెప్పినట్టు వెతికాడు బాబాయ్. ఏదో ఒకటి దొరక్కపోతుందా అని వెతికాడు. వెతుకుతున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది.

ఇక దిగాలి. ఈసారి బాబాయ్ కట్టింది బిగుసుకుపోయే శిష్యుడి వేషం. నేల దగ్గరపడే కొద్దీ ముక్కు పైకెత్తి పట్టుకున్నాడు. అలా ఎత్తితే వేగం చస్తుంది. వేగం చస్తే విమానం రాయితో సమానం. మామూలుగా అయితే కుడివైపు మాస్టరు "నా కంట్రోల్" అనాలి, శిష్యుడు "నీ కంట్రోల్" అని చేతులు వదలాలి. విమానం ఎవరి చేతిలో ఉందో పైకి అనడం అక్కడ ప్రాణంతో సమానమైన నియమం.

పిచ్చుక వేగం చూపే ముల్లు వంక చూసింది. బాబాయ్ వంక చూసింది. ఆమె చెయ్యి లేచి, మీట దాకా వచ్చి ఆగిపోయింది. వేషంలో అతను శిష్యుడు. నిజంలో గురువు. గాల్లోకి మొదటిసారి తీసుకెళ్ళిన మనిషి. ఆయనకి తెలియకుండా ఉంటుందా, ఆయనే సరిచేస్తాడు అనుకుంది.

బాబాయ్ ఆమె తీసుకుంటుందని చూశాడు. తీసుకోలేదు. ఇప్పుడు తనే సరిచెయ్యాలి. కాని ఆ ఒక్క క్షణంలో అతని లోపల ఇంకొకడు లేచి కూర్చున్నాడు. చూడు, దొరికింది. ఇంకొంచెం ఆగు. గట్టిగా దొరకనీ.

అతను ఆగాడు.

హెచ్చరిక మోగింది. ఈలలాగా మొదలై ఏడుపైంది. సీటు కిందనుంచి జారిపోతున్నట్టయింది. బాబాయ్ ముక్కు దించి, ఇంజన్ మీట చివరిదాకా నెట్టాడు. రన్‌వే పక్కన గడ్డి ఒక్కొక్క పోచ కనపడేంత దగ్గరకొచ్చి, మళ్ళీ వెనక్కి పోయింది. ఇంకో చుట్టు తిరిగి బాబాయే దించాడు.

ఇంజన్ ఆపాక పిచ్చుక బెల్టు విప్పుకోకుండా ముల్లు వైపే చూస్తూ కూర్చుంది. "నేను తీసుకోవాల్సింది."

"ఎందుకు తీసుకోలేదు?"

"మీ చేతిలోంచి ఎలా లాక్కోను బాబాయ్?"

ఆ మాటకు అతనికి ఒళ్ళు మండింది. ఆమె మీద కాదు. పెద్దవాళ్ళ చేతిలోంచి లాక్కోవడానికి చెయ్యి రాని పిల్ల. ఆ పిల్ల కిందపడుతుందేమోనని కాచుకు కూర్చున్న తను. సంతకం పెట్టకపోతే రెండు చేతులా సంపాదించే పెద్దసారు. ఏ తప్పూ చెయ్యనిది ఒక్క విమానమే.

"నేను ఆలస్యం చేశాను" అన్నాడు. "నువ్వు తీసుకోలేదని తెలిసీ ఆగాను. అది నాటకం కాదు. పద, చెప్దాం."

*

పెద్దసారు గదికి ఒక పక్కంతా అద్దం. అద్దం అవతల హాల్లో, కొత్తగా పిల్లల్ని చేర్పించడానికి వచ్చిన తల్లిదండ్రులు నిలబడి ఉన్నారు. వాళ్ళకు బడి తిప్పి చూపించే ఆవిణ్ణి మాస్టార్లు చిలకమ్మ అంటారు. ఎవరొచ్చినా అవే ముక్కలు అదే వరసలో చెప్తుంది. "ఇక్కడ చేరితే ఇక ఉద్యోగం వెతుక్కోనక్కర్లేదండీ" అంటోంది అప్పుడు.

బాబాయ్ జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆ పిల్లకు అన్నీ వచ్చు, పెద్దవాళ్ళ చేతిలోంచి కంట్రోల్ లాక్కోవడం ఒక్కటే రావాలి, దానికి ఇంకోసారి గాల్లోకి వెళ్ళాలి, ఆలస్యం చేసింది తను కాబట్టి ఆ గంటకి ఆమె దగ్గర తీసుకోకూడదు.

పెద్దసారు మొహం విప్పారింది. "ఆలస్యం చేశావా? నువ్వా?" పిచ్చుక వైపు తిరిగాడు. "ఏమ్మా, నిజమేనా?"

పిచ్చుక నేల చూసింది. "చేశారు సార్."

నిజమే చెప్పింది. నిజమైనా గుచ్చుకుంది.

"చూడు బాబాయ్, ఇది భద్రతకి సంబంధించిన విషయం. ప్రాణాలతో చెలగాటం. ఇక నిన్ను పిలిచే ప్రసక్తి కూడా లేదు. ఈ అమ్మాయిని పరీక్షకి పంపించు, ఆ రోజే నీ గేటు పాసు ఇచ్చేసి వెళ్ళిపో. సంతకం ఇప్పుడే పెట్టు. ఇంకోసారి గాల్లోకి అక్కర్లేదు."

"నిన్ననే కదా సార్ ఇంకో రెండు నెలలు నేర్పమన్నారు?"

"నేనా?"

"ఆ పిల్ల డబ్బు కడితే రెండు నెలలు నేర్పాలి. బడి కట్టాల్సి వస్తే ఒక్క గంట అక్కర్లేదు. ఇదా మీ భద్రత?"

"గొంతు తగ్గించు."

బాబాయ్ గొంతు పెంచనే లేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "విమానం ఇవ్వండి. నేర్పి సంతకం పెడతాను. అప్పటిదాకా లేవను."

"లేవవా? పోలీసుల్ని పిలవమంటావా?"

"పిలవండి. ఏమని చెప్తారు? మాస్టరు పాఠం చెప్తానంటున్నాడు, మేం వద్దంటున్నాం అనా?"

పెద్దసారు లేచాడు, కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. అద్దం అవతల తల్లిదండ్రులంతా ఇటే చూస్తున్నారు. ఒకాయన చిలకమ్మని అడగడం లోపలికి వినపడింది. "లోపల ఏమిటండీ గొడవ?"

"గొడవేం లేదండీ. మా మాస్టార్లకి పనంటే అంత శ్రద్ధ!"

బాబాయ్‌కి నవ్వొచ్చింది. పెద్దసారుకి రాలేదు. విమానం తాళంచెవి బల్ల మీద పడేసి, "ఒక్క గంట" అన్నాడు పళ్ళ బిగువున.

*

ఆ గంటలో బాబాయ్ తన జన్మలో వెయ్యని వేషం వేశాడు. మొండి శిష్యుడు. చెప్పింది వినడు, పట్టింది వదలడు. దిగేటప్పుడు ముక్కు ఎత్తాడు, రెండు చేతులా బిగించి పట్టాడు.

"నా కంట్రోల్" అంది పిచ్చుక.

వదల్లేదు.

"నా కంట్రోల్ అండీ."

"నాకొచ్చులే, నువ్వాగు. నీ వయసెంత, నా వయసెంత?"

పిచ్చుక మోచేత్తో అతని చేతి మీద ఒక్కటిచ్చింది. "నా కంట్రోల్! వదులు! వదలరా ముందు!"

బాబాయ్ వదిలేశాడు. విమానం ముక్కు దిగింది, వేగం అందుకుంది, గీత మీదికొచ్చింది. చక్రాలు నేలను తాకడం కూడా తెలియలేదు.

పక్కకు తీసుకొచ్చి ఆపాక పిచ్చుక రెండు చేతులతో నోరు మూసుకుంది. "అయ్యో, మిమ్మల్ని వదలరా అన్నాను."

"అలాగే అనాలి. నేల మీదికొచ్చి పడేటప్పుడు గారూ గీరూ ఏంటి?" మోచెయ్యి రుద్దుకుంటూ అన్నాడు. "పిచ్చుకవనుకున్నా. గాడిద తన్నినట్టుంది."

దిగి, విమానం తోక మీదే కాగితం పెట్టి సంతకం పెట్టాడు. పిచ్చుక కాగితం అందుకోలేదు.

"నేను పాసయితే మీరు పోతారు."

"నీకు తెలుసా?"

"పొడుగన్న చెప్పాడు. వచ్చే ఏడాది ఇంకెవరో పాసవుతారు, నేనూ పోతాను. అంతేగా?"

"అంతే."

"మరి ఎందుకు పెట్టారు సంతకం?" ఆమెకు కోపమొచ్చింది. ఏడుపు కలిసిన కోపం. "నన్ను అడిగినప్పుడు మీరే ఆలస్యం చేశారని చెప్పేశాను. మీ తరఫున ఇంకో మాట కూడా మాట్లాడలేదు. అలాంటిదానికి ఎందుకు పెట్టారు?"

"నీకు పని వచ్చింది కాబట్టి పెట్టాను. ఇందులో ఇంకేం లేదు. వాళ్ళు గడ్డి తింటున్నారని నన్నూ తినమంటావా?" కాగితం ఆమె చేతిలో కుక్కాడు. "నీ మీద జాలితో పెట్టాననుకోకు. నాకు నీ మీద జాలి లేదు. నా మీదే మిగల్లేదు, ఇక నీకెక్కణ్ణుంచి తెచ్చేది?"

ఇంటికెళ్ళి భార్యకు చెప్పాడు. ఆవిడ పళ్ళెం ముందు పెట్టి, "తినండి. రేపట్నుంచి తిట్టడం మొదలుపెడతా. ఇవాళ ఓపిక లేదు" అంది.

అన్నట్టే మర్నాటినుంచి తిట్టింది. తిడుతూనే, తమ్ముణ్ణి పిలిచి మీ బావకి క్లీనరు పని కాదు, డ్రైవరు పని చూడమని చెప్పింది.

*

పిచ్చుక పాసయింది. ఆ మధ్యాహ్నమే బాబాయ్ గేటు పాసు వెనక్కిచ్చేశాడు. పెద్దసారు గదిలో లేడన్నారు. ఉన్నా రాలేదేమో. మాస్టార్ల గదిలో పొడుగోడు చెయ్యి పట్టుకుని ఊపి, ఆ చేతినే మళ్ళీ ఊపాడు. మిగతావాళ్ళు అద్దంలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు. ఎవరి వంతు ఎప్పుడో ఎవరికి తెలుసు? ఒకడి కోసం నోరు తెరిస్తే రెండోవాడి ఇంజన్ ఆగుతుంది. అంత పకడ్బందీగా కట్టారు ఆ బడిని.

ఇద్దరు శిష్యులూ, పిచ్చుకా విమానం దగ్గర నిలబడి ఉన్నారు. గుమాస్తా బాబాయ్‌ని చూసి, "మన టైమే కదా బాబాయ్?" అన్నాడు.

"మీ టైమే. ఇవాళ్టి నుంచి ఈవిడ."

"బాబాయ్ పోయి పిన్ని వచ్చిందా?" అంది పెళ్ళయినావిడ. నవ్వు మొదలై ఎవరి మొహంలోనూ నిలబడలేదు.

బాబాయ్ పిచ్చుకను పక్కకు తీసుకెళ్ళాడు. "విను. ఇతను దిగేటప్పుడు ఊపిరి బిగబడతాడు. ఏదో ఒకటి మాట్లాడిస్తూ ఉండు. వాళ్ళ మేనేజర్ని తిట్టమను, బాగా తిడతాడు, దాంతో చేతులు వదులవుతాయి. ఆవిడ ఎడమవైపు తిరగడానికి భయపడుతుంది, అడిగితే ఒప్పుకోదు. అడక్కుండా తిప్పించు. ఇద్దరికీ తొందర లేదు. తొందరంతా బడిది. బడి తొందర వీళ్ళ మీద రుద్దకు."

పిచ్చుక తల ఊపింది. ఏమైనా అంటే ఏడుస్తుందని తెలిసి బాబాయ్ వెనక్కి తిరిగి గేటు వైపు నడిచాడు.

గేటు బయటకు వచ్చాక కంచె పక్కన ఆగాడు. గుమాస్తా విమానం లేచింది. చుట్టు తిరిగి దిగడానికి వస్తోంది. ముక్కు ఒకవైపుకు ఊగుతోంది. అక్కణ్ణుంచే బాబాయ్‌కి తెలిసిపోయింది, ఊపిరి బిగబట్టాడని.

"బాబాయ్" అన్నాడు గేటు కాపలావాడు, ఇబ్బందిగా. "పాసు లేనివాళ్ళని ఇక్కడ నిలబడనివ్వొద్దని ఇప్పుడే ఫోనొచ్చింది. ఏమనుకోకు. బయల్దేరు."

"ఫోన్ చేసిందెవరు?"

"ఇంకెవరు, పెద్దసారు."

పెద్దసారు గదిలోనే ఉన్నాడన్నమాట. కిటికీలోంచి చూస్తున్నాడన్నమాట. బాబాయ్ ఆ కిటికీ వైపు తిరిగి, బడి మొత్తానికీ వినపడేలా అరిచాడు.

"నేను నిలబడింది రోడ్డు మీద! రోడ్డు మీ తాత కట్టించాడా? నా శిష్యుడు గాల్లో ఉన్నాడు. వాడు దిగేదాకా కదలను. ఏం పీక్కుంటావో పీక్కో!"

కాపలావాడు అటూ ఇటూ చూసి, తన స్టూలు బాబాయ్ పక్కకు జరిపాడు. బాబాయ్ కూర్చోలేదు. కంచె తీగ రెండు చేతులా పట్టుకుని, "వదులు, ఊపిరి వదులు" అంటున్నాడు. అవతల విమానంలో పిచ్చుకో, మేనేజర్ని తిడుతూ గుమాస్తాయో గట్టిగా అరిచి ఉండాలి. ముక్కు ఊగడం ఆగింది. చక్రాలు తగిలాయి, ఒకసారి ఎగిరాయి, మళ్ళీ తగిలి పరుగెత్తాయి.

అది పక్కకు మళ్ళి పూర్తిగా ఆగేదాకా చూసి, అప్పుడు తీగ వదిలాడు.